మూట విప్పమని అడిగే హక్కు

అలాస్కా రాష్ట్రంలో కిడ్నాపు, అత్యాచారం నేరాలకు శిక్షపడ్డ విలియం ఆస్బోర్న్ కోర్టులను అడిగింది చిన్న సంగతే. 1993లో నేరం జరిగిన చోట మంచులో ఒక కండోమ్ దొరికింది. పోలీసులు దాన్ని భద్రపరిచారు. తన విచారణ తర్వాత వచ్చిన కొత్త డీఎన్‌ఏ పద్ధతితో దాన్ని మళ్లీ పరీక్షించనివ్వండి, ప్రభుత్వానికి పైసా ఖర్చు ఉండదు అన్నాడు. ఆ పరీక్ష జరిగితే అతను దోషో నిర్దోషో తేలిపోతుందని ప్రభుత్వ వకీళ్లూ ఒప్పుకున్నారు. అయినా మూట విప్పడానికి మాత్రం ససేమిరా అన్నారు. వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. 2009 జూన్ 18న న్యాయమూర్తులు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు నిలిచి తీర్పు చెప్పారు: శిక్ష ఖరారయ్యాక డీఎన్‌ఏ పరీక్ష కోరే హక్కేదీ రాజ్యాంగం ఇవ్వలేదు.

ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ డీఎన్‌ఏ శక్తిని తక్కువ చేయలేదు. నిర్దోషులను విడిపించడంలోనూ దోషులను పట్టివ్వడంలోనూ దానికి సాటి లేదని తీర్పు మొదట్లోనే రాశారు. ఆ శక్తిని ఏ నిబంధనలతో వాడాలో చట్టసభలు తేల్చుకోవాలి, ఆ పని చాలా రాష్ట్రాల్లో అప్పటికే సాగుతోంది, మధ్యలో కోర్టు దూరి కొత్త హక్కును పుట్టించకూడదన్నది ఆయన వాదన. భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ జాన్ పాల్ స్టీవెన్స్‌కు ఇది మింగుడుపడలేదు. నిజం ఒక్క పరీక్ష దూరంలో ఉన్నప్పుడు, అదీ ఉచితంగా దొరుకుతున్నప్పుడు, వద్దనడానికి రాష్ట్రం ఒక్క కారణమైనా చెప్పగలిగిందా అన్నది ఆయన ప్రశ్న.

నిజానికి ఆస్బోర్న్ జాలి పుట్టించే కక్షిదారు కాడు. విచారణ రోజుల్లో ఇంకా కచ్చితమైన పరీక్ష చేయించే వీలుండగా, ఫలితం ఎదురుతిరుగుతుందేమోనని అతని వకీలే వద్దనుకున్నారు. ఆ తర్వాత పెరోల్ బోర్డు ముందు అతను నేరం ఒప్పుకున్నాడు. త్వరగా బయటపడటం కోసం అలా చెప్పానని తర్వాత అన్నాడు. చర్చ మరింత పదునెక్కింది ఇందువల్లే. పరీక్ష కోరాలంటే ఖైదీ ముందుగానే నిర్దోషిలా కనిపించాలా? అలా కనిపించేవాడికి పరీక్షతో పనేముంది?

ఈ మెలిక అర్థం కావాలంటే పదహారేళ్లు వెనక్కి వెళ్లి మేరీలాండ్ రాష్ట్రంలో ఒక అలమరా తెరవాలి.

కిర్క్ బ్లడ్స్‌వర్త్ సముద్రపు పాయల్లో పీతలు పట్టి బతికే కుటుంబంలో పుట్టాడు. మెరైన్ సైనికుడిగా పనిచేసి వచ్చాడు. పాత నేరచరిత్ర ఏమీ లేదు. 1984లో బాల్టిమోర్ దగ్గర తొమ్మిదేళ్ల పాపపై అత్యాచారం, హత్య జరిగాయి. చూసినవారు చెప్పిన పోలికలతో పోలీసులు బొమ్మ గీయించారు. బొమ్మలోని మనిషి బ్లడ్స్‌వర్త్‌లా ఉన్నాడని ఎవరో ఫోన్ చేశారు. కోర్టులో అయిదుగురు సాక్షులు ఆ పాపతోనో ఆ పరిసరాల్లోనో చూసింది ఇతన్నేనని చెప్పారు. 1985లో మరణశిక్ష పడింది. మరో అనుమానితుడి గురించిన సమాచారాన్ని ప్రాసిక్యూషన్ దాచిందని తేలడంతో పైకోర్టు 1986లో ఆ తీర్పు కొట్టేసింది. రెండో విచారణలోనూ జ్యూరీ అతన్నే దోషి అంది. ఈసారి రెండు జీవిత ఖైదులు వేశారు.

జైల్లో అతను పుస్తకాలు పట్టాడు. వాటిలో ఒకటి జోసెఫ్ వామ్‌బా రాసిన ‘ద బ్లడింగ్’. ఇంగ్లండ్‌లోని లెస్టర్ దగ్గరి పల్లెల్లో 1983లో, 1986లో ఇద్దరు బాలికల హత్యల మీద రాసిన నిజకథ అది. 17 ఏళ్ల కుర్రాడొకడు రెండో హత్య తానే చేశానని ఒప్పుకున్నాడు. దగ్గర్లోనే లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ 1984 సెప్టెంబరు 10న కనిపెట్టిన కొత్త పద్ధతి పోలీసుల చెవిన పడింది. పరీక్షిస్తే రెండు హత్యలూ ఒకడి పనేనని, ఆ ఒకడు ఈ కుర్రాడు కాడని తేలింది. ఊళ్లలోని దాదాపు 5,000 మంది మగవాళ్ల దగ్గర రక్తం, లాలాజలం సేకరించారు. కోలిన్ పిచ్‌ఫోర్క్ అనే బేకరీ పనివాడు తన బదులు తోటి పనివాణ్ని పంపి తప్పించుకోబోయాడు. పబ్‌లో ఆ మాట బయటపడి 1987లో దొరికిపోయాడు. అంటే నేరపరిశోధనలో డీఎన్‌ఏ తొలిసారి రంగంలోకి దిగినప్పుడు మొదట కాపాడింది ఒక అమాయకుణ్ని. దోషిని పట్టించింది ఆ తర్వాతే.

ఎవరు చేశారో చెప్పగల పరీక్ష, ఎవరు చేయలేదో కూడా చెప్పగలదు కదా అని బ్లడ్స్‌వర్త్‌కు తోచింది. వకీలు రాబర్ట్ మోరిన్ చేత అర్జీ పెట్టించాడు. ఆధారాలు పొరపాటున ధ్వంసమైపోయాయని ప్రాసిక్యూషన్ నుంచి జవాబు వచ్చింది. మామూలుగా అయితే కథ అక్కడితో సరి. వకీలు పట్టు వదల్లేదు. వెతగ్గా వెతగ్గా పాప బట్టలు విచారణ జరిపిన న్యాయమూర్తి గదిలో, అలమరాలో బయటపడ్డాయి. వాటిని అక్కడ ఉంచమని ఏ చట్టమూ చెప్పలేదు. పారేయాలని ఎవరికీ తోచలేదు, అంతే. కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ బ్లేక్ ల్యాబ్ ఆ బట్టల మీద ఒక చిన్న వీర్యపు మరకను పట్టుకుంది. 1985 నాటి పరీక్షలో కంటపడని మరక అది. అందులోని డీఎన్‌ఏ బ్లడ్స్‌వర్త్‌ది కాదు. ఎఫ్‌బీఐ ల్యాబ్ కూడా అదే తేల్చింది. 1993 జూన్ 28న అతను జైలు గేటు దాటాడు. మరణశిక్ష పడి డీఎన్‌ఏ వల్ల బయటపడ్డవారిలో అమెరికాలో అతనే మొదటివాడు. కొడుకు విడుదల చూడకుండానే తల్లి అంతకు అయిదు నెలల ముందు చనిపోయింది.

విడుదలైనా అనుమానపు చూపులు పోలేదు. ప్రాసిక్యూషన్ అతన్ని నిర్దోషి అనలేదు, కేసు నడిపేంత ఆధారం లేదు పొమ్మంది. పదేళ్ల తర్వాత, 2003లో, ఆ కేసు ఆధారాల్లోని డీఎన్‌ఏను నేరస్తుల డేటాబేస్‌తో పోల్చారు. కింబర్లీ రఫ్నర్ అనే వ్యక్తితో సరిపోయింది. అతను మరో నేరానికి అదే జైల్లో, బ్లడ్స్‌వర్త్ ఉన్న అంతస్తుకు కింద అంతస్తులో ఉండేవాడు. జైలు లైబ్రరీలో పనిచేసిన బ్లడ్స్‌వర్త్ అతనికి పుస్తకాలు కూడా తీసుకెళ్లి ఇచ్చాడు. 2004లో రఫ్నర్ నేరం ఒప్పుకున్నాడు. సినిమాలో పెడితే మరీ అతి అనిపించే మలుపు.

బ్లడ్స్‌వర్త్‌ను విడిపించిన పరీక్ష ఈనాటి లెక్కలో చాలా మోటుది. జెఫ్రీస్ తొలినాటి పద్ధతికి డీఎన్‌ఏ పొడవాటి పోగులుగా, చెక్కుచెదరకుండా, బాగా ఎక్కువ మోతాదులో కావాలి. ఏళ్ల తరబడి పెట్టెల్లో పడి ఉన్న మరకలో అలాంటిది దొరకడం అరుదు. తేమ, వేడి, ఎండ, సూక్ష్మజీవులు కలిసి పోగుల్ని తుంపులు తుంపులు చేస్తాయి. 1983లో కేరీ మల్లిస్‌కు తట్టిన పీసీఆర్ ఈ చిక్కు విప్పింది. డీఎన్‌ఏలో కావలసిన చిన్న తుంపును ఎంచుకుని, వేడిచేసి, చల్లార్చి, ఎంజైముతో నకలు తీయిస్తారు. ప్రతి చుట్టుకూ నకళ్లు రెట్టింపవుతాయి. 30 చుట్లు తిరిగేసరికి, లెక్కప్రకారం, ఒక్క తుంపు వంద కోట్లు దాటుతుంది. పొడవాటి పోగు అక్కర్లేదు. చెదలు కొట్టిన దస్తావేజులో ఒక్క సర్వే నంబరు మిగిలినా పొలం గుర్తుపట్టినట్టు, మిగిలిన ముక్కతోనే పని జరుగుతుంది.

తొలి పీసీఆర్ పరీక్షలు చూసింది డీక్యూ ఆల్ఫా అనే ఒకే ఒక్క జన్యువును. దానిలో రకాలు కొద్దిగానే ఉంటాయి కాబట్టి ఒకే రకం చాలామందికి కలుస్తుంది. ఆస్బోర్న్ కేసులో కలిసిన రకం నల్లజాతివారిలో సుమారు ఆరుగురిలో ఒకరికి ఉంటుంది. ఇలాంటి పరీక్ష ‘ఇతనే’ అనడానికి బొత్తిగా చాలదు. ‘ఇతను కాడు’ అనడానికి మాత్రం దివ్యంగా సరిపోతుంది. వీర్యం ఒక్కరిదేనని తెలిసినప్పుడు రకం ఒక్కటి తేడా వచ్చినా ఆ మనిషి పక్కకు తప్పుకున్నట్టే. నిందితుణ్ని ఇరికించడానికి ఎన్నో చోట్ల పోలిక కుదరాలి, తప్పించడానికి ఒక్క చోట కుదరకపోతే చాలు. అందుకే పరీక్షలు మోటుగా ఉన్న 1989లోనే ఇలినాయ్ రాష్ట్రంలో గ్యారీ డాట్సన్ నిర్దోషిగా తేలాడు. అమెరికాలో డీఎన్‌ఏ వల్ల శిక్ష రద్దయిన మొదటి మనిషి అతను.

1990ల చివరినుంచి వాడుకలోకి వచ్చిన ఎస్‌టీఆర్ పద్ధతి రెండు పనులూ చేస్తుంది. మన క్రోమోజోముల్లో కొన్ని చోట్ల నాలుగైదు అక్షరాల గుంపు వరసగా తిరిగి తిరిగి వస్తుంది. ఒకరిలో తొమ్మిదిసార్లు, మరొకరిలో పన్నెండుసార్లు. ఒక్క చోట ఇద్దరికి సంఖ్యలు కలవడం వింతేమీ కాదు. చోట్లు పెరిగేకొద్దీ కలిసే అవకాశం గుణింపబడుతూ పలచబడుతుంది. ఎఫ్‌బీఐ 1998లో దేశవ్యాప్త డేటాబేస్ మొదలుపెట్టినప్పుడు 13 చోట్లు ఎంచుకుంది. 2017 నుంచి 20 చోట్లు చూస్తోంది. దీనికి ఒక నానోగ్రాము డీఎన్‌ఏ చాలు. అంటే సుమారు 150 కణాల్లో ఉండేంత. వేళ్లతో పట్టుకున్న గుడ్డమీద, మెడకు బిగించిన తాడుమీద కూడా అన్ని కణాలు దొరకవచ్చు. కుదురు లేని వెంట్రుకకైతే మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఉంది. ఆడవారి కణాల మధ్య మగవాడి ఆనవాలు వెతకడానికి వై క్రోమోజోము పరీక్ష ఉంది.

అత్యాచారం కేసుల్లో పాత శాంపిళ్లు ఇంతగా పనికిరావడానికి ఇంకో కారణం వీర్యకణం గట్టిదనం. దాని తలలో డీఎన్‌ఏను చుట్టి ఉండే ప్రొటీన్లు గంధకపు బంధాలతో బిగుసుకుని ఉంటాయి. మామూలు కణాలను పగలగొట్టే రసాయనానికి అది లొంగదు. కాబట్టి ముందు బాధితురాలి కణాలను కరిగించి తీసేసి, తర్వాత వేరే రసాయనంతో వీర్యకణాల తాళం తీయవచ్చు. పీటర్ గిల్, జెఫ్రీస్, డేవిడ్ వెరెట్ కలిసి 1985లోనే ఈ ఉపాయం ప్రచురించారు. పదేళ్లో ఇరవయ్యేళ్లో దాటిన దూదిపుల్లలు నోరు విప్పుతున్నాయంటే అందులో దీని పాత్ర పెద్దది. ఆరబెట్టి కాగితపు కవరులో ఉంచితే మరక దశాబ్దాలు నిలుస్తుంది. తడిగా ఉండగానే ప్లాస్టిక్ సంచిలో కట్టేస్తే బూజు తినేస్తుంది. ఖరీదైన యంత్రాలెన్ని ఉన్నా, నేరం జరిగిన రోజు పోలీసు చేతిలో ఉన్నది ఏ కవరు అన్నదాని మీదే ఇరవయ్యేళ్ల తర్వాతి ఫలితం ఆధారపడుతుంది.

ల్యారీ యంగ్‌బ్లడ్‌కు ఈ సంగతి చాలా కష్టంగా తెలిసొచ్చింది. 1983లో అరిజోనాలోని టూసాన్‌లో పదేళ్ల బాలుడిపై లైంగిక దాడి కేసులో అతను ఇరుక్కున్నాడు. బాలుడి బట్టలను పోలీసులు చల్లటి చోట ఉంచలేదు. మరకలు పాడైపోయాయి. సరిగ్గా ఉంచి ఉంటే అవే నన్ను విడిపించేవి అన్నాడతను. 1988లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పోలీసులు దురుద్దేశంతో పాడుచేశారని నిరూపిస్తే తప్ప, ఆధారం పోయినంత మాత్రాన రాజ్యాంగ ఉల్లంఘన కాదంది. దురుద్దేశం నిరూపించడం ఎవరి వల్లవుతుంది? నిర్లక్ష్యానికి ఆ తీర్పు ఒక గొడుగు పట్టింది. 2000లో, మిగిలి ఉన్న ఒక శాంపిల్‌ను కొత్త పద్ధతిలో పరీక్షిస్తే యంగ్‌బ్లడ్ నిర్దోషి అని తేలింది. తర్వాత ఆ డీఎన్‌ఏ టెక్సస్ జైల్లో ఉన్న మరొకడితో సరిపోయింది. అతని పేరుమీద ఉన్న ఆ తీర్పు మాత్రం చెల్లుబాటులోనే ఉంది. నేటికీ కోర్టులు దాన్ని ఉదహరిస్తూనే ఉన్నాయి.

వర్జీనియాలో దీనికి తలకిందులుగా జరిగింది. అక్కడి ప్రభుత్వ ల్యాబ్‌లో మేరీ జేన్ బర్టన్ అనే రక్తపరీక్షల నిపుణురాలు పనిచేసేది. పరీక్ష అయ్యాక శాంపిళ్లన్నీ పోలీసులకు తిప్పి పంపాలన్నది నియమం. ఆమె మాత్రం దూదిపుల్ల కొసను, గుడ్డముక్కను కత్తిరించి తన ఫైలు కాగితానికి టేపుతో అంటించి ఉంచేది. ఆమె అలా అంటించడం మొదలుపెట్టిన రోజుల్లో డీఎన్‌ఏ పరీక్ష ఊహలో కూడా లేదు. 1982లో 18 ఏళ్ల వయసులో 210 ఏళ్ల శిక్ష పడ్డ మార్విన్ ఆండర్సన్ కేసులో ఆధారాలన్నీ ధ్వంసమయ్యాయని ముందు చెప్పారు. 2001లో ఆమె ఫైలు తీసి చూస్తే దూదిపుల్ల ముక్కలు కనిపించాయి. ఆండర్సన్ నిర్దోషి అయ్యాడు. అలాంటి ఫైళ్లన్నీ దులిపి చూడమని గవర్నర్ మార్క్ వార్నర్ ఆదేశించారు. ఇంకా కొందరు బయటపడ్డారు. తర్వాతి కాలంలో బర్టన్ చేసిన పరీక్షల నాణ్యత మీదే ప్రశ్నలు లేచాయి. ఆమె కొలతలు తప్పయి ఉండొచ్చు, అంటించిన ముక్కలు మాత్రం పనికొచ్చాయి.

ఒకచోట న్యాయమూర్తి అలమరా, మరోచోట నియమం తప్పిన ఉద్యోగిని టేపు. ఇంతటి విజ్ఞానం ఇలాంటి అదృష్టం మీద వేలాడకూడదని అడిగినవారిలో ముందున్నది న్యూయార్క్‌లోని కార్డోజో లా కళాశాలలో 1992లో బారీ షెక్, పీటర్ న్యూఫెల్డ్ మొదలుపెట్టిన ఇన్నోసెన్స్ ప్రాజెక్టు. ఆ సంస్థ లెక్కలో 1989 నుంచి 2020 దాకా అమెరికాలో 375 మంది డీఎన్‌ఏ పరీక్షతో నిర్దోషులయ్యారు. వాళ్లలో 21 మందిది ఒకప్పుడు మరణశిక్ష. సగటున ఒక్కొక్కరు 14 ఏళ్లు జైల్లో గడిపారు. 69 శాతం కేసుల్లో సాక్షులు మనిషిని తప్పుగా గుర్తుపట్టారు. 44 మంది అయితే చేయని నేరాన్ని కోర్టులోనే ఒప్పేసుకున్నారు. విచారణకు వెళ్తే ఇంకా పెద్ద శిక్ష పడుతుందన్న భయం అలాంటిది. అదే కేసుల్లో 165 మంది అసలు నేరస్తులు దొరికారు. నిర్దోషి లోపల ఉన్నంతకాలం దోషి బయట తిరుగుతాడన్నమాట ఇక్కడ అలంకారం కాదు, ల్యాబ్ రిపోర్టు.

శిక్ష తర్వాత పరీక్ష కోరవచ్చని మొట్టమొదట చట్టం చేసింది న్యూయార్క్, 1994లో. ఇలినాయ్ 1997లో అదే బాట పట్టింది. 2004లో అమెరికా కాంగ్రెస్ ఇన్నోసెన్స్ ప్రొటెక్షన్ చట్టం తెచ్చి, రాష్ట్రాలకు పరీక్షల కోసం ఇచ్చే గ్రాంటు పథకానికి బ్లడ్స్‌వర్త్ పేరు పెట్టింది. ఆస్బోర్న్ తీర్పునాటికి చట్టం లేని రాష్ట్రాలు మూడే మిగిలాయి. అలాస్కా 2010లో, మసాచుసెట్స్ 2012లో, ఓక్లహోమా 2013లో ఆ లోటు పూడ్చుకున్నాయి. కాగితం మీద ఇప్పుడు యాభై రాష్ట్రాల్లోనూ హక్కు ఉంది.

చట్టాన్ని దగ్గరగా చదివితే మాత్రం ఒక తలుపు వెనక మరో తలుపు కనిపిస్తుంది. ఫెడరల్ చట్టం ప్రకారం ఖైదీ తాను నిజంగా నిర్దోషినని ప్రమాణం చేసి చెప్పాలి. నేరం చేసిందెవరన్నది విచారణలో వివాదాంశమై ఉండాలి. ఆ వస్తువును ఇంతకుముందు పరీక్షించి ఉండకూడదు, లేదా కొత్త పద్ధతి పాతదానికంటే ఎంతో మెరుగైనదై ఉండాలి. వస్తువు ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వెళ్లిందో తేలాలి. ఆలస్యం కాకుండా అడగాలి. ఫలితం ఎదురుతిరిగితే అబద్ధపు ప్రమాణానికి మళ్లీ కేసు. చివరి షరతులో ఒక న్యాయం ఉంది, ఊరికే అర్జీలు పెట్టేవాళ్లను అది ఆపుతుంది. కొన్ని రాష్ట్రాల షరతులకు ఆ సమర్థన కూడా లేదు. అలబామా చట్టం మరణశిక్షకు తగిన నేరాలకే వర్తిస్తుంది. నేరం ఒప్పుకున్నవారికి తలుపు మూసే నిబంధనలూ ఉన్నాయి. ఆ 44 మంది లెక్క తెలిశాక వాటిని ఎలా సమర్థించుకుంటారో చట్టసభలే చెప్పాలి.

ఆలస్యానికి మూల్యం ఎంతో మైకేల్ మోర్టన్ కేసు చూపిస్తుంది. 1986లో టెక్సస్‌లో అతని భార్య ఇంట్లోనే హత్యకు గురైంది. నేరం భర్త మీద పడింది, జీవిత ఖైదు వేశారు. ఇంటి వెనక సుమారు వంద గజాల దూరంలో రక్తపు మరకలున్న రుమాలు దొరికింది. దాన్ని పరీక్షించమని 2005లో అర్జీ పెడితే స్థానిక ప్రాసిక్యూటర్ ఏళ్ల తరబడి అడ్డుపడ్డారు. ఎట్టకేలకు 2011లో పరీక్ష జరిగింది. రుమాలు మీద భార్య రక్తంతోపాటు మార్క్ నార్వుడ్ అనేవాడి డీఎన్‌ఏ ఉంది. దాదాపు పాతికేళ్ల తర్వాత మోర్టన్ బయటికి వచ్చాడు. నార్వుడ్ 1988లో ఆస్టిన్‌లో మరో మహిళను చంపాడని కూడా ఆ తర్వాతే తెలిసింది. మోర్టన్ జైలుకెళ్లిన మరుసటి సంవత్సరం అది. “నాన్న ఇంట్లో లేడు” అని మూడేళ్ల కొడుకు చెప్పిన మాట పోలీసు కాగితాల్లో ఉన్నా, కేసు నడిపిన కెన్ ఆండర్సన్ దాన్ని బయటపెట్టలేదు. తర్వాత జడ్జి అయిన ఆయన 2013లో పదవి వదులుకున్నారు, వకీలు లైసెన్సు కూడా పోయింది, 10 రోజుల జైలు శిక్ష పడింది. పాతికేళ్లకు పది రోజులు. అయినా ప్రాసిక్యూటర్ జైలు ముఖం చూడటమే అమెరికాలో అరుదు కాబట్టి దాన్నే గొప్పగా చెప్పుకున్నారు.

టెక్సస్ నుంచే ఇంకొన్ని వ్యాజ్యాలు సుప్రీంకోర్టుకు చేరాయి. రాజ్యాంగ హక్కు లేదని 2009లో అన్న కోర్టు, ఒక సందు మాత్రం వదిలింది: రాష్ట్రం హక్కు ఇచ్చాక దాని పద్ధతి న్యాయంగా ఉండాలి. ఆ సందులోంచే తర్వాతి వకీళ్లు నడిచారు. పరీక్ష నిరాకరించిన పద్ధతిని పౌరహక్కుల చట్టం కింద సవాలు చేయవచ్చని 2011లో హ్యాంక్ స్కిన్నర్ కేసులో తేలింది. రాడ్నీ రీడ్ కేసులో హత్యకు వాడిన బెల్టును పరీక్షించడానికి రాష్ట్ర కోర్టులు ఒప్పుకోలేదు. వస్తువు సరిగ్గా భద్రపరచలేదు, కలుషితమై ఉండొచ్చు అన్నాయి. భద్రపరచాల్సింది ప్రభుత్వం, నష్టం ఖైదీకి! గడువు దాటిపోలేదు, అతని సవాలును వినవచ్చని 2023లో సుప్రీంకోర్టు 6–3తో చెప్పింది. రూబెన్ గుటియెర్రెజ్‌కు 2024 జులైలో మరణశిక్ష అమలు చేయడానికి ఇరవై నిమిషాల ముందు స్టే దొరికింది. అతని సవాలు కూడా చెల్లుతుందని 2025 జూన్‌లో మళ్లీ 6–3 తీర్పు వచ్చింది. గమనించాల్సింది ఏమంటే, వీటిలో ఏ తీర్పూ పరీక్ష చేయమని చెప్పలేదు. పరీక్ష అడిగేందుకు కోర్టులో నిలబడొచ్చని మాత్రమే చెప్పాయి.

పరీక్షకు అడ్డుపడేవారి వాదనలో పస లేదనలేం. కేసుకు ఎక్కడో ఒకచోట ముగింపు ఉండాలి, బాధిత కుటుంబాలను పదేపదే కోర్టు మెట్లెక్కించకూడదు అంటారు వాళ్లు. డీఎన్‌ఏ అందరినీ విడిపించదు కూడా. వర్జీనియాలో 1992లో మరణశిక్ష అమలైన రోజర్ కోల్‌మన్ అమాయకుడని దేశమంతా నమ్మినవాళ్లున్నారు. 2006లో వార్నర్ ఆదేశంతో టొరంటో ల్యాబ్ మళ్లీ పరీక్షిస్తే ఆ డీఎన్‌ఏ కోల్‌మన్‌దేనని వచ్చింది. నమ్మినవాళ్లు నిర్ఘాంతపోయారు, సంశయం తీరిపోయింది. అసలు ముగింపు కావాలంటే పరీక్ష ఆపడం కంటే చేయడమే దగ్గరి దారని ఈ కేసే చెబుతోంది.

హక్కు బదులు ఒక సంఘాన్ని పెడితే? ఇంగ్లండ్ ఆ దారి ఎంచుకుంది. 1997నుంచి పనిచేస్తున్న క్రిమినల్ కేసుల సమీక్షా కమిషన్ తానే ఆధారాలు తెప్పించి పరీక్షించగలదు. ఆండ్రూ మాల్కిన్సన్ 2004లో అత్యాచారం కేసులో దోషి అయ్యాడు. బాధితురాలి దుస్తులమీద వేరే మగవాడి డీఎన్‌ఏ ఉందని 2007లోనే తెలిసింది. కమిషన్ 2012లో కొత్త పరీక్షలేమీ చేయించకుండానే అర్జీ తిరస్కరించింది. నేరం ఒప్పుకోనందుకు పెరోల్ దొరక్క అతను 17 ఏళ్లు లోపలే ఉన్నాడు. దుస్తులను పోలీసులు ధ్వంసం చేసినా, ల్యాబ్ భద్రపరిచిన శాంపిళ్లు మిగిలాయి. ఒక స్వచ్ఛంద సంస్థ చేయించిన పరీక్షలతో 2023 జులైలో అతని శిక్ష రద్దయింది. తలుపు దగ్గర ఎవరిని కూర్చోబెట్టినా, తెరవాలా వద్దా అనే అధికారం పూర్తిగా వారికే ఇస్తే జరిగేది ఇదే.

మన దేశంలో డీఎన్‌ఏ పరిజ్ఞానం కొత్తదేమీ కాదు. హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్ కట్లపాము జాతి క్రోమోజోములమీద చేసిన పరిశోధనలోంచి పుట్టిన పద్ధతి 1980ల చివర్లోనే ఇక్కడి కోర్టులకు చేరింది. నిందితుడి రక్తం, లాలాజలం తీసుకునే అధికారం పోలీసులకు చట్టంలో ఉంది. శిక్షపడ్డ ఖైదీ పరీక్ష కోరే హక్కు గురించి మాత్రం ప్రత్యేక చట్టం లేదు. 2019లో లోక్‌సభకు వచ్చిన డీఎన్‌ఏ టెక్నాలజీ బిల్లును కేంద్రం 2023 జులైలో వెనక్కి తీసుకుంది.

2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒక ఫార్మసీ విద్యార్థిని హాస్టల్లో హత్యకు గురైన కేసు తెలుగువాళ్లెవరూ మరిచిపోలేదు. డీఎన్‌ఏ నివేదికను కూడా ఆధారంగా చూపి ప్రాసిక్యూషన్ ఒక యువకుడికి 2010లో శిక్ష వేయించింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు ఆ ఆధారాలను నమ్మలేక అతన్ని నిర్దోషిగా వదిలేసింది. అసలు హంతకుణ్ని పట్టుకోవాలని మళ్లీ దర్యాప్తు మొదలుపెడితే, కోర్టులో ఉండాల్సిన కేసు వస్తువులు ధ్వంసమైపోయాయని తేలింది. 2018లో దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. వస్తువుల ధ్వంసం మీద విడిగా ఇంకో కేసు పెట్టాల్సి వచ్చింది. 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వించి అవశేషాలు పరీక్షకు తీసుకున్నారు.

కేసు వస్తువులను మన కోర్టుల్లో ఎం.ఓ.లు అంటారు. కింది కోర్టు తీర్పుల చివర తరచుగా ఒక వాక్యం కనిపిస్తుంది: విలువ లేని ఎం.ఓ.లను అప్పీలు గడువు ముగిశాక ధ్వంసం చేయాలి. రక్తపు చీర, విరిగిన గాజులు, దూదిపుల్ల ఉన్న కవరు ఆ లెక్కలోకే వస్తాయి. 2025 జులైలో తమిళనాడుకు చెందిన ఒక మరణశిక్ష ఖైదీని విడుదల చేస్తూ సుప్రీంకోర్టు డీఎన్‌ఏ శాంపిళ్ల విషయంలో దేశమంతటికీ వర్తించే నియమాలు పెట్టింది. శాంపిల్ 48 గంటల్లో ల్యాబ్‌కు చేరాలి. విచారణ, అప్పీలు నడుస్తుండగా కోర్టు అనుమతి లేకుండా కవరు విప్పకూడదు. చేతులు మారిన ప్రతిసారీ రిజిస్టర్‌లో సంతకాలు పడాలి. ఆ రిజిస్టర్ ఎంతకాలం ఉంచాలో కూడా చెప్పింది: నిందితుడు దోషిగానో నిర్దోషిగానో తేలేదాకా. అమెరికా ఫెడరల్ చట్టంలో ఖైదీ జైల్లో ఉన్నంతకాలం శాంపిల్ దాచాలన్న నిబంధన మొదలయ్యేది సరిగ్గా అక్కడినుంచి.

ఇవాళ చర్లపల్లిలోనో రాజమహేంద్రవరంలోనో ఉన్న జీవిత ఖైదీ ఒకరు తన కేసులో పాత మరకను మళ్లీ పరీక్షించమని అడగాలనుకుంటే, అప్పీలు ఇంకా నడుస్తున్నట్లయితే అదనపు సాక్ష్యం తీసుకోమని పైకోర్టును వేడుకోవచ్చు. అప్పీళ్లన్నీ అయిపోయి ఉంటే హైకోర్టులో రిట్ వేసి, బెంచి విచక్షణకు వదిలేయాలి. ఏ దారిన వెళ్లినా అతని వకీలు ముందుగా కాగితం పెట్టాల్సింది సెషన్స్ కోర్టు ప్రాపర్టీ గుమాస్తాకు, ఫలానా ఎం.ఓ. ఇంకా ఉందా అని.